మజిలీ ఊరు దమ్‌దమ్

మేం ఖరగ్‌పూర్ రైల్వే తెలుగువాళ్లం. మాకు ప్రయాణమంటే మద్రాసు మెయిలే. అయినా పక్కనే ఉన్న కలకత్తా దమ్‌దమ్ విమానాశ్రయం కథంటే నాకు మొదట్నించీ ఇష్టం.

1924లో ఆమ్‌స్టర్‌డాం నుంచి బటేవియా బయల్దేరిన డచ్ విమానం ఇక్కడ ఆగింది. 1933లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ సర్వీసు కలకత్తా దాకా వచ్చింది. ఆనాటి విమానాలు ఏకబిగిన ఎక్కువ దూరం పోలేవు. బాటసారికి సత్రంలా, యూరప్‌కూ ఆగ్నేయాసియాకూ నడుమ దమ్‌దమ్ ఉండేది. 1950లలో పాన్ యామ్, కె.ఎల్.ఎం., బి.ఓ.ఏ.సి. అన్నీ ఇక్కడ దిగేవి. 1953 మే 2న ఇక్కణ్ణించి ఢిల్లీకి లేచిన కామెట్ జెట్ గాలివానలో కూలి 43 మంది చనిపోయారు.

తర్వాత దూరం ఎగిరే జెట్లొచ్చాయి. ఆగే పని తప్పింది. నగరంలోని రాజకీయ అశాంతి కూడా తోడై విదేశీ సంస్థలు జారుకున్నాయి. బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2009లో, లుఫ్తాన్సా 2012లో సర్వీసులు ఆపేశాయి.

మరుసటి ఏడాదే, 2013లో, పెద్ద టెర్మినల్ తెరిచారు. 2018-19కల్లా ప్రయాణికులు ఏటా రెండు కోట్లు దాటారు. ఎక్కువమంది దేశంలోని ఊళ్ల మధ్య తిరిగేవాళ్లే. దీన్ని క్షీణత అనను నేను. అప్పట్లో ఆగినవాళ్లలో చాలామందికి ఈ ఊరితో పనిలేదు. ఇప్పటివాళ్లు పని ఉండే వస్తున్నారు.