సుత్తి నిలిచిన పిమ్మట

హైదరాబాదునుండి ఓరుగల్లునకు పోవు బాటలో, జనగామ పట్టణము ఇంకను కొంత దూరమున నున్నదనగా, పెంబర్తి యను గ్రామము తగులును. బస్సు దిగి ఊరిలోనికి నడచినవానికి ఇత్తడి బొమ్మ కంటబడుటకంటె ముందుగా సుత్తి చప్పుడు చెవినిబడును. ఒక గంటసేపు వినినచో అది శ్రవణసుభగమే. ఒక జీవితకాలము వినవలసినవాని సంగతి వేరు. కొన్నేండ్ల క్రిందట నేనొక పనిశాలలో కూర్చుండియుండగా, డెబ్బది యేండ్లకు చేరువైన పెద్దాయన సుత్తిని ప్రక్కనబెట్టి చాయగ్లాసు నందుకొనెను. మిగిలినవారును అదే వేళకు చేతులాపిరి. "ఇప్పుడు నిమ్మళంగ ఉన్నది పెద్దయ్యా" అంటిని. ఆయన నా పెదవుల కదలికను బట్టి మాటను గ్రహించి, "నిమ్మళం మీకు సారూ. నాకు సుత్తి కింద పెట్టినంకనే షురువైతది, గుయ్యిమని" యని, కుడిచెవిని అరచేతితో మూసి, తెరచి, మరల మూసి చూపెను.

ఆ గుయ్యిమను నాదము నాకును పరిచితమే. పండ్రెండేండ్లుగా అది నా యెడమచెవిలో కాపురమున్నది. ఏడాదికి రెండు మూడు మారులు తలతిరుగుటను వెంటబెట్టుకొని వచ్చి, నన్ను మంచమునకు కట్టివేసి పోవుచున్నది. అందువలననే కాబోలు, ఆనాటినుండి ఈ సీమ చరిత్రను చదువునప్పుడెల్ల, కోటలకును పోరాటములకును నడుమ, తలతిరుగుటతోను చెవిహోరుతోను బ్రదుకీడ్చిన జనులు ఎచ్చటనైన కనబడుదురాయని వెదకుచుంటిని. గాయమునకు మచ్చ మిగులును. ఈ వ్యాధి మచ్చనైన మిగిల్చునది కాదు. రోగి చెప్పినగాని తెలియదు, చెప్పినను నమ్మువారు తక్కువ. కావున దీని చరిత్రను శాసనములలో గాక వృత్తులలో వెదకవలసియున్నది.

పెంబర్తి పనివాండ్రు విశ్వకర్మలు. కాకతీయుల కాలమున దేవాలయములకును రథములకును లోహపు తొడుగులు చేసిన కుదురు తమదని వారు చెప్పుకొందురు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ఆ యాదరణము క్షీణించెను. ఆసఫ్జాహీల యేలుబడిలో చేతిపని దేవళమునుండి దివాణమునకు మరలి, కలశములు చేసిన చేతులు పాందానులను, అత్తరుదానులను చేయసాగెను. మారకుండ నిలిచినది పని తీరు. ఇత్తడి రేకును నిప్పులపై కాచి మెత్తబరచి, లక్కయు గుగ్గిలమును కలిపిన ముద్దపై పరచి, ఉలితోను సుత్తితోను వెనుకనుండి కొట్టి బొమ్మను ముందునకు ఉబికింతురు. కొట్టినకొలది ఇత్తడి గట్టిపడును. గట్టిపడిన రేకును మరల కాచి మరల కొట్టవలెను. ఒక్క తామరరేకు తీరుగా లేచుటకు ఎన్ని దెబ్బలు పడునో లెక్కించ బూనుకొని, మూడువందలు దాటినంతట నేను విరమించితిని. ఆ ప్రతి దెబ్బయు మూరెడు దూరమున నున్న చెవిలోనికి నేరుగా పోవుచుండును.

ఈ సంగతిని ముందుగా గ్రంథస్థము చేసినవారిలో ఒకడు ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జీని. వృత్తులవలన గలుగు వ్యాధులను గూర్చి 1700లో ఆయన ప్రకటించిన గ్రంథము 1713లో పెంచబడి మరల అచ్చయ్యెను. వెనీసు నగరమున రాగిపనివారందరు ఒకే పేటలో నుండి ప్రొద్దస్తమానము రాగిని కొట్టుచుందురనియు, ఆ యెడతెగని మ్రోతకు వారి చెవులు చెడి వార్ధక్యమున బొత్తిగా చెవిటివారగుదురనియు ఆయన అందు వ్రాసెను. వెనీసునకును పెంబర్తికిని సముద్రములు అడ్డమున్నను, సుత్తిక్రింది చెవి ఒక్కటే. లోచెవిలో శబ్దమును గ్రహించు సూక్ష్మరోమకణములు పుట్టుకతో వచ్చినవే. మితిమీరిన మ్రోతకు అవి నశించినచో మనుష్యునకు తిరిగి మొలవవు. అవి పోయిన చోట, బయట లేని నాదమును మెదడు తానే కల్పించుకొనునని నేటి శాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయము.

మన శాస్త్రకారులు ఈ నాదమును ఎరుగనివారు కారు. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున ఇరువదియెనిమిది కర్ణరోగములను చెప్పుచు, కర్ణనాదమును కర్ణక్ష్వేడమును వేర్వేరుగా నెన్నెను. భేరీమృదంగశంఖముల వలె మ్రోగునది మొదటిది, వేణునాదము వలె సన్నగా పలుకునది రెండవదియని మాధవనిదానము చెప్పును. రోగి మాటను ఎంత ఓపికతో వినిన వైద్యులో గదా, హోరునకును ఈలకును గల భేదమును రెండు పేళ్ళతో నిలిపిరి! తలతిరుగుటకు భ్రమమని పేరు. చరకుడు దానిని వాతవికారములలో నుంచెను. యునానీ హకీములు దానినే దవారనియు, చెవిమ్రోతను తనీననియు వ్యవహరించిరి. నిజాం రాజ్యమున ఈ రెండు వైద్యములును ప్రక్కప్రక్కనే నడచినవి. చెవిరోగముల కన్నింటికిని సుశ్రుతుడు విధించిన సామాన్యచర్య గమనింపదగినది: ఘృతపానము, రసాయనసేవనము, శ్రమ మానుట, తలస్నానము చేయకుండుట, బ్రహ్మచర్యము, అతిభాషణము మానుట. ఔషధముకంటె నడవడియే ఇందు అధికము. రోగమును నిర్మూలింపజాలని చోట దానితో కలిసి బ్రదుకుటకు ఏర్పరచిన దినచర్యగా నాకది తోచుచున్నది.

గ్రామములలో ఈ పేళ్ళేవియు చెల్లవు. తల తిరిగినచో పైత్యము. ధనియాల కషాయము, జీలకర్ర, నిమ్మరసము. చెవి మ్రోగినచో వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు, అదియును మోచేతిపై వేసి వెచ్చదనము చూచిన పిమ్మటనే. చల్లని నూనె పోసినచో కండ్లు తిరుగునని మా అమ్మమ్మ హెచ్చరించుచుండెడిది. దానిని చాదస్తమనుకొంటిని. వియన్నా వైద్యుడు రాబర్టు బారానీ, చెవిలోనికి చిమ్మిన నీరు శరీరపు వేడిమికంటె చల్లగానున్నను వెచ్చగానున్నను లోచెవి అర్ధవృత్తనాళములలోని ద్రవము కదలి తల తిరుగుననియు, కన్నులు అదరుననియు నిరూపించి, 1914 సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందెను; ఆ వార్త వచ్చునప్పటికి ఆయన రష్యాలో యుద్ధఖైదీ. కారణ మెరుగకున్నను అమ్మమ్మ అనుభవము సరియైనదే. అయినను కర్ణభేరికి చిల్లి యున్నవారికి ఈ నూనె కీడు చేయునని గూడ చెప్పవలసియున్నది.

పైత్యపు మందులకు లొంగనిది గాలి సోకుట యగును. స్త్రీ తూలినచో శిగము, అనగా పూనకము, అనిరి. పురుషుడు తూలినచో కల్లనిరి. ఈ రెండవ నింద మిక్కిలి కఠినముగా తగిలినది కల్లుగీచు గౌండ్లకు. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి మొగలాయి యధికారమును ధిక్కరించిన సర్వాయి పాపన్న ఈ వృత్తివాడే. ఆయన కోట జనగామ ప్రాంతపు ఖిలాషాపురమున నేటికిని నిలిచియున్నది. నడుమునకు మోకు, పాదములకు బందము తప్ప వేరాధారము లేక, 60, 70 అడుగుల తాటిచెట్టును ఉదయము, సాయంకాలము ఎక్కువానికి తలతిరుగుట యనునది జబ్బు గాదు, మృత్యువు. తమ వేలుపగు కాటమయ్యకు మ్రొక్కి చెట్టెక్కుట ఊరక పుట్టిన యాచారము కాదు. మట్టలనడుమ తల వెనుకకు వంచి గెల వైపు చూచుటయే, లోచెవిలోని సున్నపురవ్వలు స్థానము తప్పినవానికి, లోకమును గిఱ్ఱున త్రిప్పుటకు చాలును. అట్టివాడు అన్నకో తమ్మునికో చెట్లనప్పగించి, తాను మండువలో కల్లు పోయుచు కూర్చుండును. అతడు తాగి చెడెనని ఊరనుకొనును. నేలనుండి చెట్టెక్కువానికి ఆధారముగా ప్రభుత్వము కాటమయ్య పేరుతోనే రక్షాకవచములను పంచుట 2024లోగాని మొదలుకాలేదు.

తలతిరుగుటకు మూలము చెవిలో నుండవచ్చునని లోకమునకు తెలిసి ఎంతో కాలము కాలేదు. పారిసునగరపు బధిరమూకశాలకు వైద్యుడైన ప్రోస్పర్ మెనియేర్ 1861 జనవరిలో అచ్చటి వైద్యపరిషత్తున ఒక వ్యాసము చదివెను. తలతిరుగుట, వాంతి, చెవిహోరు, చెవుడు కలిసివచ్చు రోగులను నాటి వైద్యులు మెదడున రక్తము పొంగినదని తలచి నెత్తురు తీయుచుండిరి. కీడు మెదడున లేదు, లోచెవిలో నున్నదని ఆయన వాదించెను. మరుసటి యేటనే ఆయన గతించెను. వ్యాధికి ఆయన పేరు నిలిచెను. నేను మొదట చూపించుకొన్న వైద్యుడు, ఆ వ్యాసము చదువబడిన నూటయేబదియేండ్లకును, నాకు నీరసమని చెప్పి బలపుమందు వ్రాసియిచ్చెను. నా బాధకంటె నా మాట చెల్లకపోవుటయే ఆనాడు నన్ను క్రుంగదీసినది.

సుత్తి మ్రోతకు తోడు యంత్రపు మ్రోతయు ఈ సీమకు వచ్చెను. 1889లో నిజాం రైలుమార్గము బెజవాడ వరకు సాగెను. జనగామ, నేడు మహబూబాబాదనబడు మానుకోట, డోర్నకల్లు ఆ దారిలోనివే. డోర్నకల్లునుండి ఇల్లెందు బొగ్గునకు శాఖ చీలెను. ఆవిరియంత్రమును తోలువాడును, బొగ్గు వేయువాడును జీవితమంతయు ఆ రొదలోనే గడపిరి. ఆ మార్గము పూర్తియగుటకు మూడేండ్లు ముందు, 1886లో, గ్లాస్గోలో టామస్ బార్ అను చెవివైద్యుడు నూర్గురు బాయిలరు పనివారిని పరీక్షించి, వారిలో హెచ్చుపాలు వినికిడి చెడినవారని ప్రకటించియుండెను. యంత్రము సీమనుండి ఇచ్చటికి వచ్చినది. ఆ యెరుక మాత్రము రైలెక్కి రాలేదు.

ఇల్లెందులో మొదలైన బొగ్గు త్రవ్వకము నూరేండ్లలో గోదావరి లోయవెంబడి వ్యాపించి భూపాలపల్లి యడవులను చేరెను. అచ్చటి గనులకు కాకతీయ ఖని యని పేరు. జనులు కేటీకే యందురు. డ్రిల్లు, ప్రేలుడు, గాలిపంఖా, ఇరుకుసొరంగమున ప్రతిధ్వని యివియన్నియు కలిసిన చోట, 85 డెసిబెల్సు దాటిన మ్రోతను హెచ్చరికగాను 90 దాటినదానిని ప్రమాదముగాను ఎంచవలెనని గనుల భద్రతాధికారులు 1975లోనే ఆదేశించిరి. చెవిలో దూదియో, ముడుచుకొను బిరడాయో పెట్టుకొనుమని చెప్పుట సులభము. పైకప్పు కూలుటకు ముందు వచ్చు చిటచిటను వినవలసిన గనిపనివానికి చెవి మూసికొనుట ప్రాణాంతకముగా తోచును. ఆ సందిగ్ధమును ఎరుగనివారు అతనిని నిర్లక్ష్యవంతుడనరాదు.

ఇక బ్రదుకు నడపుకొనుట. మెనియేరు చెప్పిన వ్యాధికి ఉప్పు తగ్గించిన మేలని 1934లో అమెరికా వైద్యుడు ఫర్‌స్టెన్‌బెర్గ్ ప్రకటించెను. అందరికిని అది పనిచేయునని రుజువు కాకున్నను నేటికిని వైద్యులు చెప్పుచుందురు. చెప్పువారికి మన కంచము తెలియదు. జొన్నగటకకు తోడు మామిడితొక్కు. అది లేనినాడు ఉల్లిగడ్డ, ఉప్పు, కారము. కూలివాని కంచమున ఉప్పు రుచి కాదు, కూర. నేను తొక్కు మానుటకు రెండేండ్లు పట్టెను. జాడీమూతపై పడియున్న ఎఱ్ఱని నూనె మరకను వ్రేలితో తాకి ఆ వ్రేలిని నాలుకకు చేర్చక కడుగుకొనిన దినములు ఆ రెండేండ్లలో పెక్కులు. పడక దిగునప్పుడు కాళ్ళు నేలకానించి, గోడపై ఒక మేకును చూచుచు ఇరువది లెక్కించి లేచుట, చీకటిలో నడవకుండుట, తూలునపుడు సిగ్గుపడక నేలపై కూర్చుండుట, ఇవియే నా యభ్యాసములు.

హోరునకు మాత్రము వేరొక ఉపాయము, అది నా స్వంతము గాదు. శబ్దము చేసినచో చెవిమ్రోత ఏల అణగునని అరిస్టాటిల్ పేర వెలసిన ప్రశ్నావళి యొకటి అడిగి, పెద్దధ్వని చిన్నధ్వనిని తరుమునని బదులు చెప్పినది. గడచిన సంక్రాంతికి పెంబర్తి పోయినప్పుడు ఆ పెద్దాయన యింట రాత్రి నిదురించితిని. బయట మంచు, కంబళి కప్పుకొన్నను వణకు తీరలేదు. ఆయన మంచము ప్రక్కన బల్లపంఖా యొకటి గోడవైపు మొగము త్రిప్పి తిరుగుచుండెను. గాలి ఎవరికిని తగులుట లేదు. చలికదా, ఆపుదునాయని సైగ చేసితిని. ఆయన తల అడ్డముగా నూపి, చేయి చాచి, దాని వేగమును ఇంకొక మెట్టు పెంచి, కుడిచెవి పైకి వచ్చునట్లు ప్రక్కకు ఒత్తిగిలెను.