మూట కట్టు విద్య



సాయంకాలము తార్నాక కూడలిలో నిలిచి చూచినచో, ఉస్మానియా విద్యార్థులు చేతి ఫోనులలో చదువుకొనుచు పోవుట కనబడును. వారు చదువు ప్రతి పుటయు ఎక్కడనో యున్న సర్వరు అను యంత్రమున చిన్న మూటగా కట్టబడి వచ్చి, ఫోనులోని బ్రౌజరు అను సాధనముచే విప్పబడుచున్నది. మూట చిన్నదైన కొలది కాలమును, ధనమును కలిసివచ్చును. ఈ విద్య యెట్లు పెరిగెను, ఇందు తెలుగునకు చోటెంత అనునవి నేటి ప్రసంగవిషయములు.

ఈ విద్యలోని కీలకము మనకు క్రొత్తది కాదు. పాణినీయమునకు మొదట 14 మాహేశ్వరసూత్రములున్నవి. వానిని వల్లించిన శిష్యునకు గురువు ‘అచ్’ అన్నంతనే అచ్చులన్నియు, ‘హల్’ అన్నంతనే హల్లులన్నియు స్ఫురించును. వల్లింపనివానికి అది వట్టి ధ్వని. చెప్పువాడును వినువాడును ముందుగా నొకటే నేర్చియున్నపుడే కొంచెము మాటలో గొప్ప యర్థమిముడును. కథయంతయు ఈ సూత్రముమీదనే నిలిచియున్నది.

1977లో లెంపెల్, జివ్ అను ఇజ్రాయేలు పండితులు ఒక ఉపాయము ప్రకటించిరి. వచ్చిన మాటయే మఱల వచ్చినచో దానిని తిరిగి వ్రాయక, ‘వెనుక ఇంత దూరమున, ఇంత పొడుగు’ అని గుర్తుంచుట ఆ యుపాయము. దానిని ఆధారము చేసికొని 1992లో ‘జీజిప్’ వెలసెను. దీనివలన తెలుగునకు గలిగిన మేలు చిన్నది కాదు. నేడు జాలమున వాడుక యగు యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగున ప్రతి వర్ణచిహ్నమునకును మూడు బైటులు కావలెను. ‘తెలుగు’ అను మూడక్షరముల మాటకు, గుణితపు గుర్తులతో గూడ, 18 బైటులు పట్టును. అయినను ఆ మూడింటిలో మొదటిది ఎల్లప్పుడు నొకటే. రెండవది రెండింటిలో నొకటి. ఇట్లు పదే పదే వచ్చు దానిని మూటకట్టు యంత్రము సులభముగా తగ్గించును.

2015లో గూగుల్ సంస్థవారు ‘బ్రోట్లి’ అను మఱియొక పద్ధతిని జాలపుటలకై వెలువరించిరి. ఇది 2016లో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలోను, 2017లో సఫారీలోను చేరెను. ఇందలి విశేషము, మన సూత్రముల వలెనే, ముందుగా నేర్పిపెట్టిన యొక నిఘంటువు. అందు 13,000కు పైగా పదములు, పదభాగములున్నవి. అవి ఆంగ్లము, స్పానిష్, చీనా, హిందీ, రష్యను, అరబ్బీ భాషలనుండియు, పుటలు కూర్చు యంత్రభాషలనుండియు గ్రహింపబడినవి. తెలుగు వానిలో లేదు! పెద్ద పుటలో ఈ లోపము అంతగా తెలియదు. వెనుకటి మాటలే ఆధారమగును. చిన్న పుటలో వెనుక చూచుకొనుటకు మాటలుండవు గనుక అక్కడ లోటు తెలియును.

అట్లయిన క్రొత్త పద్ధతి తెచ్చుకొనరాదా యందురేమో. ఒక్కరు కట్టినంత మాత్రమున చాలదు. అందుకొనువారికి విప్పుట తెలియవలెను. బ్రౌజరు పుటను కోరునపుడే ‘నేనీ ముడులు విప్పగలను’ అని చెప్పును. సర్వరు వానిలో నొకటియే వేయును. అందుచేతనే 2016లో వెలువడిన ‘జెడ్‌స్టాండర్డ్’ క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో చేరుటకు 2024 వఱకు పట్టెను. ఉమ్మడి నిఘంటువును పంచుకొను పద్ధతి నొకదానిని గూగుల్‌వారు 2008లోనే ప్రతిపాదించిరి గాని, ఇతరులు కలిసిరాకపోగా 2017లో వారే దానిని విడిచిరి. ఆ తలంపు క్రొత్తరూపమున 2024లో క్రోమ్‌నందు మఱల ప్రవేశించి, 2025లో ప్రమాణపత్రముగా ప్రకటితమయ్యెను. దీని ననుసరించి ప్రతి వెబ్‌సైటును తన నిఘంటువును తానే కూర్చి బ్రౌజరునకు ముందుగా ఇయ్యవచ్చును. ఈ పద్ధతి తెలియని బ్రౌజరునకు పాతమూటయే పోవును గావున ఎవ్వరికిని నష్టము లేదు.

నిఘంటువు ఎవరిదో వారికి దారి సులభము. ఈ సంగతి ఉస్మానియా ప్రాంగణము చక్కగా నెఱుగును. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమునకు బోధనభాష ఉర్దూ. అందులకై 1917లోనే యొక అనువాదశాఖ నేర్పఱచి, శాస్త్రపదముల నుర్దూలో కూర్చిరి. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పవచ్చునని వారు లోకమునకు చూపిరి, అది ఘనకార్యమే. కాని సంస్థానమున తక్కిన భాషలవారికంటె నెక్కువగా నుండిన తెలుగువారి పిల్లలు మాత్రము పరభాషా నిఘంటువును మొదట మోసికొనిన పిమ్మటనే శాస్త్రమును చేరవలసివచ్చెను.

ఆ గ్రంథాలయమందలి తెలుగు పుస్తకములు పెక్కులు, కాటూరున జన్మించిన రాజ్ రెడ్డిగారు ముందుండి నడపిన విశ్వగ్రంథాలయ ప్రయత్నమున, ఛాయాచిత్రములుగా జాలమున కెక్కినవి. వాని తొలిపుటలలో ఉస్మానియా గ్రంథాలయపు చీటి నేటికిని కనబడును. అయితే చిత్రములో యంత్రమునకు గీతలు కనబడునేగాని మాటలు కనబడవు. ఆ గీతలను అక్షరములుగా మార్చి, పదములేరి, ఏవి తఱచుగా వచ్చునో లెక్కించినచో, తెలుగు పత్రికలును గ్రంథాలయములును తమ సైట్లకు మేలైన నిఘంటువులు కూర్చుకొనగలవు. ఇతరులు కూర్చిన నిఘంటువులో మన మాట లేదని వగచుటకంటె మన నిఘంటువు మనమే కూర్చుకొనుట మేలు. త్రోవ యేర్పడినది. సామగ్రి ఆ ప్రాంగణమందలి బీరువాలలోనే యున్నది. మీ యిండ్లలో ఈ విద్య నేర్చిన బిడ్డలుందురు. వారికి ఈ పని యున్నదని చెప్పుడు.