వార్సా నగరపు కంటి వైద్యుడు

నేటి ప్రసంగమునకు నేనొక నేత్రవైద్యుని చరిత్రము నెన్నుకొంటిని. ఆయన పేరు లుడ్విక్ జామెన్‌హాఫ్. పగలు బీదల కండ్లకు చికిత్స చేయుచు, రాత్రులందు మేలుకొని, లోకులందరికిని పనికివచ్చు నొక భాషకై పాటుపడిన మహనీయుడాయన. ఎస్పెరాంటో యను పేరు మీలో కొందరు వినియే యుందురు.

ఆయన 1859వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన బియాలిస్తోక్ పట్టణమున నొక యూదుల యింట జన్మించెను. ఆ పట్టణము ఇప్పుడు పోలెండు దేశములోనిది; ఆనాడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచట యూదులు, పోలులు, రష్యనులు, జర్మనులు ఒకే యూర కాపురముండియు నొకరి నొకరు నమ్మకుండిరి. ఒక్కొక్క జాతి కొక్కొక్క భాష. ఈ పగలకు భాషాభేదమే మూలమని ఆ బాలునికి తోచెను. ఏ జాతికిని సొంతము గాని భాష యొకటి యున్నచో, ఎవ్వరును తక్కువవారు గారు గదా యని తలచి, పాఠశాలలో నుండగనే, 1878లో, దాని తొలి రూపమును సిద్ధపరచెను. తండ్రి భాషోపాధ్యాయుడు. ఆయన మాత్రము కుమారుడు కూడుపెట్టు విద్య నేర్వవలెనని పట్టుపట్టెను. అందుచే జామెన్‌హాఫ్ 1879లో వైద్యము చదువుటకు మాస్కో వెళ్లెను.

1881లో వార్సాకు మరలివచ్చి, 1885లో వైద్యపట్టము పొందెను. మొదట నొక చిన్న యూరిలో సాధారణ వైద్యము చేసెను గాని, కన్నులయెదుట రోగులు మరణించుట చూచి తాళలేకపోయెనని ఆయన చరిత్రకారులు వ్రాయుదురు. అందుచే మృత్యువుతో నంతగా పనిలేని కంటి వైద్యమువైపు మరలి, వార్సాలోను వియన్నాలోను దాని నభ్యసించెను. శుక్లములు తీయించుకొని మనుమల ముఖములు మరల చూచిన పెద్దలకు ఆ విద్య విలువ నేను చెప్పనక్కరలేదు.

1887వ సంవత్సరము జూలై 26వ తేదీన ఆయన చిన్న పుస్తకము వార్సాలో వెలువడెను. అందు వ్యాకరణసూత్రములు 16. ధాతువులు సుమారు 900. తన పేరు వేయక 'డాక్టర్ ఎస్పెరాంటో' యని వేసికొనెను. ఆశించువాడని దాని యర్థము. జనులు ఆ పేరునే భాషకు పెట్టిరి. అచ్చునకు మామగారి ధనము తోడ్పడెను. ఏ భాషయైనను అందరి సొత్తే యనియు, దీనిపై తనకు హక్కేమియు లేదనియు ఆ పుస్తకములోనే ప్రకటించెను.

ఆ ధనము త్వరలోనే వ్యయమైపోయెను. సంసారము గడచుటకై ఖెర్సోన్, గ్రోద్నో పట్టణములకు పోయి వైద్యము చేసి, తుదకు మరల వార్సాకు వచ్చి, బీద యూదులుండు పేటలో స్థిరపడెను. రోగులు పలువురు, రాబడి స్వల్పము. అయినను భాషాసేవను మానలేదు. షేక్‌స్పియరు హామ్లెట్ నాటకమును 1894లో ప్రకటించెను. తరువాత బైబిలు పాతనిబంధనను పూర్తిగ అనువదించెను.

1905లో ఫ్రాన్సుదేశపు బూలోన్ నగరమున తొలి మహాసభ జరిగెను. 20 దేశములవారు 688 మంది కూడి దుబాసీలు లేకుండ మాటలాడుకొనిరి. అచట ఆయనకు జరిగిన గౌరవ మింతింత గాదు. సభ ముగియగనే మరల తన రోగులయొద్దకు వచ్చెను. 1912లో క్రాకోవ్ సభయందు నాయకత్వమును గూడ స్వయముగ విడిచెను.

1914లో పారిసు మహాసభకు పోవుచుండగా యుద్ధము వచ్చి, మార్గమధ్యమునుండి మరలవలసివచ్చెను. 1917 ఏప్రిల్ 14వ తేదీన వార్సాలో కన్నుమూసెను. కుమారుడు ఆడమ్ కూడ కంటి వైద్యుడే. నాజీలు 1940లో ఆతనిని కాల్చి చంపిరి. కుమార్తెలు జోఫియా, లీడియా 1942లో ట్రెబ్లింకా మారణశిబిరమున హతులైరి.

ఒక్క భాష వచ్చినచో పగలు పోవునని ఆ వైద్యుడు రోగనిదానము చేసెను. ఆ నిదానము పూర్తిగ సరియైనదని నేననను. ఒకే తల్లి భాష మాటలాడు అన్నదమ్ములు గట్టు తగవులకై తలలు పగులగొట్టుకొనుట మనము చూడమా? కాని ఆయన పని వ్యర్థము గాలేదు. ఏ రాజ్యమును, ఏ సైన్యమును వెనుక లేకున్నను, ఆ భాషను నేటికిని నానాదేశములవారు నేర్చుకొని స్నేహము చేయుచున్నారు. తాను నాటిన చెట్టుకు కంచె వేసికొనక, దారిని పోవు వారందరికిని విడిచిపెట్టుటయే దానికి కారణమని నా నమ్మకము.