ముగ్గులో ఉన్న లెక్క

సంక్రాంతి నెలలో ఆదోని వాకిళ్ళలో చుక్కల ముగ్గు చూశారా? మొదటి వరసలో ఒక చుక్క, తర్వాత రెండు, అలా ఆరుదాకా పెంచి మళ్ళీ ఒకటికి దించుతారు. ఆ వరసల్ని అంకెలుగా రాస్తే 12345654321. ఎమ్మిగనూరు దుప్పటి అంచుల్లాగా ఎటునుంచి చూసినా ఒకటే!

ఇది నా కల్పన కాదండీ. ఆదోనిలో ముంబయి వైపు రైలెక్కితే రాయచూరు దాటాక వాడి జంక్షన్ వస్తుంది. ఆ చుట్టుపక్కలే మళఖేడ్, ఒకనాటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం. అక్కడ అమోఘవర్షుడు ఏలే రోజుల్లో, 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడనే జైన పండితుడు 'గణితసార సంగ్రహం'లో ఈ సంఖ్య చెప్పాడు. 27994681ని 441తో హెచ్చవేయమన్నాడు. ఇలాంటి లబ్ధాల్ని మెడలో హారాలతో పోల్చాడు.

111111ని 111111తో హెచ్చవేసినా ఇదే వస్తుంది. కాగితం మీద వేసి చూడండి. ఆరు వరసల ఒకట్లు ఒక్కో స్థానం పక్కకి జరుగుతాయి. నిలువునా కూడితే మన చుక్కల లెక్కే! ముగ్గులో మొత్తం చుక్కలు కూడా ఆరార్లు ముప్ఫయ్యారే.

పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. బడి మొహం చూడని మన అమ్మమ్మలు అది చదవలేదు. అయినా చుక్క తప్పలేదు. "ఆడవాళ్ళకి లెక్కలు రావు" అని ఈసారి ఎవరైనా అంటే, మాటలెందుకు, వాకిట్లోకి పిలిచి ముగ్గు చూపించండి.