కౌలు: ఒకప్పుడు హామీ, ఇప్పుడు అద్దె

ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో కొత్తగా చేను పట్టే రైతు ముందు నేలను చూస్తాడు. నల్లరేగడి తేమను నిలుపుకుంటుంది. పత్తికీ శనగకూ మేలు. ఎర్రనేలైతే వేరుశనగ. ఆపైన బోరులో నీళ్లున్నాయా, తుంగభద్ర దిగువ కాలువ నీరు పొలందాకా వస్తుందా, బండిదారి ఉందా అని ఆరా తీస్తాడు. అన్నీ కుదిరాక అడిగేది: "కౌలు ఎంత?"

'కౌలు' అనే మాటకు మూలం అరబీ 'ఖౌల్'. పలుకు, ఇచ్చిన మాట అని అర్థం. పారశీ దస్త్రాల వెంట తెలుగులోకి వచ్చింది. బీడును సాగులోకి తెచ్చే రైతుకు సర్కారు ఇచ్చే హామీయే అప్పట్లో కౌలు: మొదటి ఏళ్లలో శిస్తు తక్కువ, తర్వాత మెల్లగా పూర్తి శిస్తు. రాసిచ్చిన కాగితం కౌలునామా. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదిలేశాక, థామస్ మన్రో కలెక్టరుగా ఉన్న కాలంలోనూ ఈ మాట చెలామణిలో ఉంది. పోలికకు చూస్తే, అమెరికాలో 1862 హోంస్టెడ్ చట్టం అయిదేళ్లు కాపురముండి సాగుచేసినవాడికి 160 ఎకరాల దాకా సొంతం చేసింది. మన కౌలు ఇచ్చింది శిస్తులో వెసులుబాటు.

కాలక్రమంలో సర్కారు పక్కకు జరిగింది. కౌలంటే భూయజమానికి కట్టే సొమ్ము అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు ఒప్పందం గడువు 11 నెలలే. అంత కొద్ది గడువుకు ఎవరూ చెరువు మట్టి తోలించరు, గట్లు వేయించరు. అందుకే నేల మంచిదో కాదో తేల్చేటప్పుడు, అది ఎన్నేళ్లు చేతిలో ఉంటుందో కూడా అడగాలి.