ఏడో నంబరు రోడ్డు మీద మా కాశీయాత్ర

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంఘం వారు అడిగితే, రోడ్ల ఇంజనీరును కదా, ఒక రోడ్డు గురించే రాస్తానన్నాను. నాకు తెలిసిన చరిత్రలో రాజుల కంటే దారులే ఎక్కువ. ఆ దారుల్లో మోటారు సైకిల్ మీద దూరాలు పోవాలనుకున్నవాళ్లకు ఏం అడ్డం వచ్చింది, వాళ్లు ఏం చేశారు అన్నదే ఈ వ్యాసం.

1986లో మేము పదో తరగతి. సాంఘికశాస్త్రం సారు బోర్డు మీద దేశపటం గీసి, పైనుంచి కిందికి ఒక గీత గీశారు. వారణాసి నుంచి కన్యాకుమారి దాకా 7వ నంబరు జాతీయ రహదారి. పొడవు 2,369 కిలోమీటర్లు, అప్పట్లో దేశంలోకెల్లా పొడవైన రహదారి. మన ఖేడ్ నుంచి మెదక్ మీదుగా రామాయంపేట చేరితే ఆ రోడ్డు ఎక్కొచ్చు. ఆ సాయంత్రం బడి వెనక కూర్చుని ముగ్గురు దోస్తులం ఒట్టు పెట్టుకున్నాం: ముగ్గురం మూడు బండ్ల మీద కాశీ పోవాలని. "ముందుగాల బండి కొనాలె కదరా" అన్నాడు మాలో ఒకడు. అప్పటికి ముగ్గురిలో ఎవరింట్లోనూ సైకిల్ తప్ప వేరే వాహనం లేదు.

దారులు మారడం మన ఊరికి కొత్త కాదు. 1956 నవంబరు 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. జిల్లా కచేరీ పని పడితే మన పెద్దలు బీదర్ పోయేవారు. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది, మనం మెదక్ జిల్లాలో కలిశాం. 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాం. ఊరు ఉన్నచోటే ఉంది, జనం నడిచే దిక్కు మారింది.

కాశీ దారి కూడా పాతదే. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న పరివారంతో బయలుదేరి తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరారు. అప్పటికి ఆయన వయసు దాదాపు యాభై. వచ్చేటప్పుడు అదే దారిన రాలేదు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని కోస్తా వెంట దిగి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. నౌకరీ చేస్తూనే, యాభైకి దగ్గరపడ్డాక, పదిహేను నెలలకు పైగా సాగిన ప్రయాణం. మా ముగ్గురికీ ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

బండి సంగతికొస్తే, మద్రాసులో బుల్లెట్ల తయారీ 1955లో మొదలైంది. 1960ల మొదట్లో మైసూరులో జావా వచ్చింది, తర్వాత అదే యెజ్డీ అయింది. లైసెన్సుల కాలంలో బండ్లు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ. మా చిన్నప్పుడు ఖేడ్‌లో మోటారు సైకిల్ చప్పుడు వినబడితే ఎవరో ఆఫీసరు వచ్చాడనే అర్థం. 1985లో జపాన్ కంపెనీల సాయంతో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాక మామూలు జీతగాళ్లకు కూడా బండి అందింది. నేను 1995లో పాత యెజ్డీ ఒకటి కొన్నాను. మిగతా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు కొన్నారు.

1997 దసరాకు ప్రయాణం ఖాయం చేశాం. క్లచ్ వైర్లు, ప్లగ్గులు, చైన్ లింకులు, టూ స్ట్రోక్ ఆయిల్ డబ్బాలు సర్దుకున్నాం. సరిగ్గా పది రోజుల ముందు మా నాయనకు పక్షవాతం వచ్చింది. ప్రయాణం మొత్తం ఆపేశాం. ఆ తర్వాత ఒకరికి బదిలీ, ఒకరికి ఇంటి అప్పు, ఒకరికి పిల్లల చదువులు. ప్రతి ఏడూ "పోతే పదిహేను రోజులు పెట్టుకుని పూర్తిగానే పోవాలె, సగం సగం ఎందుకు" అనుకున్నాం. మేము చేసిన తప్పు ఆ మాటలోనే ఉంది.

ప్రపంచంలో దూరాలు పోయినవాళ్ల చరిత్ర చదివాక అది తెలిసింది. బ్రిటన్‌కు చెందిన టెడ్ సైమన్ 1973 అక్టోబరు 6న లండన్ నుంచి ట్రయంఫ్ బండి మీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. అదే రోజు ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య యుద్ధం మొదలైంది. ఆయన దారి ఈజిప్టు మీదుగానే. అయినా ఆగలేదు. బ్రెజిల్‌లో గూఢచారి అనుకుని జైల్లో పెట్టారు. కాలిఫోర్నియాలో కొన్ని నెలలు ఒక పొలంలో ఉండిపోయారు. మన దేశమూ తిరిగి, నాలుగేళ్ల తర్వాత ఇల్లు చేరారు.

లండన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్న ఎల్‌స్పెత్ బేర్డ్ 1982లో పాత బీఎండబ్ల్యూ మీద ఒంటరిగా బయలుదేరారు. డబ్బులు అయిపోతే సిడ్నీలో ఏడు నెలలు ఉద్యోగం చేశారు. సామాన్లు పెట్టుకునే అల్యూమినియం పెట్టెలు అక్కడే సొంతంగా చేసుకున్నారు. సింగపూర్‌లో పాస్‌పోర్టు, కాగితాలు పోతే కొత్తవి వచ్చేదాకా అక్కడే ఆగారు. 1984లో మన దేశానికి వచ్చేసరికి పంజాబ్ దాటడానికి విదేశీయులకు అనుమతి దొరకడం కష్టమైంది. సైమన్ 1977లో అఫ్ఘనిస్తాన్ మీదుగా వెళ్లగలిగారు. 1979 చివర సోవియట్ సేనలు దిగాక ఆ దారి మూతపడింది. బేర్డ్ పాకిస్తాన్ నుంచి నేరుగా ఇరాన్ పోవాల్సి వచ్చింది. మనం ఆగినా దారి మనకోసం ఆగదని ఇక్కడ తెలుస్తుంది.

మన తెలుగువాళ్లలో విశాఖపట్నానికి చెందిన భరద్వాజ్ దయాల 2006 ఏప్రిల్‌లో కరిజ్మా మీద ఒంటరిగా ప్రపంచయాత్రకు బయలుదేరి, ఏడాదిన్నరలో దాదాపు 47,000 కిలోమీటర్లు తిరిగి వచ్చారు. 2018 ఫిబ్రవరిలో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు హైదరాబాదు నుంచి మయన్మార్ మీదుగా వియత్నాం దాకా ఆరు దేశాలు తిరిగారు. దాదాపు 17,000 కిలోమీటర్లు. వాళ్లు "రెండేళ్లు ఆగి పోదాం" అనుకుని ఉంటే, 2020లో కోవిడ్‌తో సరిహద్దు మూసుకునేది, 2021లో మయన్మార్‌లో సైనిక పాలన వచ్చేది. అదే 2021లో జై భారతి మన దేశంలోనే మరో సుదీర్ఘ యాత్ర చేశారు. బయటి దారి మూసుకున్న కాలంలో లోపలి దారి పట్టడం కూడా ప్రయాణమే.

మా ఉద్యోగంలో ఒక చిన్న పాఠం ఉంది. వంతెన శ్లాబుల మధ్య ఎక్స్‌పాన్షన్ జాయింట్ అని ఒక సందు వదులుతాం. బస్సులో పోతుంటే టక్కుమని చప్పుడయ్యేది అక్కడే. ఎండకు శ్లాబు పెరుగుతుంది, చలికి ముడుచుకుంటుంది. సందు వదలకపోతే ఎంత గట్టి వంతెనైనా పగుళ్లిస్తుంది. ముప్పై ఏళ్లు ఆ సందులు కొలిచిన నేను, మా ప్రయాణానికి మాత్రం సందు వదల్లేదు.

2012లో మా ముగ్గురిలో ఒకడు గుండెపోటుతో పోయాడు. అందరికంటే ఎక్కువగా కాశీ, కాశీ అన్నది వాడే. దినాలనాడు మిగిలిన ఇద్దరం ఒక మాట అనుకున్నాం: ఇక పూర్తి ప్రయాణం కోసం చూడొద్దు, ఎంత కుదిరితే అంత పోదాం.

2016 దసరాకు నాలుగు రోజులు దొరికాయి. రామాయంపేట దగ్గర పెద్ద రోడ్డెక్కి నాగపూరు దాకా పోయి తిరిగొచ్చాం. అప్పటికే 7వ నంబరు పోయి ఆ రోడ్డు 44 అయింది. 2019లో జబల్‌పూరు దాకా పోయాం. 2020లో కోవిడ్ వచ్చింది. తర్వాత రెండోవాడికి మోకాలి ఆపరేషన్ అయింది, డాక్టరు బండి వద్దన్నారు. మునుపటి మేమైతే మళ్లీ వాయిదా వేసేవాళ్లం. ఈసారి వాణ్ని రైలెక్కించి, 2023 ఫిబ్రవరిలో నేను బండి మీద బయలుదేరాను. నా పక్కన ఇంకో బండి మీద, పోయిన మిత్రుడి కొడుకు వచ్చాడు. ముగ్గురం కాశీలో కలిశాం. ఆ అబ్బాయి గంగలో మునిగి వాళ్ల నాయనకు నీళ్లు వదిలాడు.

ఒట్టు తీరిందని అందరూ అంటారు. నాకు మాత్రం ఒక లెక్క మిగిలిపోయింది. మా నాయన తేరుకున్నాక 1998లో కనీసం నాలుగు రోజులు తీసి నాగపూరు దాకా పోయి ఉంటే, వాడూ మాతో ఉండేవాడు. ఐదు వందల కిలోమీటర్లయినా ముగ్గురి బండ్లు ఒక వరుసలో పోయేవి. పూర్తి ప్రయాణం కోసం ఎదురుచూసి ఆ సగం కూడా పోగొట్టుకున్నాం.

ఈ సంచిక చదివే మన బ్యాచుల వాళ్లలో చాలామంది ఏదో ఒక ప్రయాణం పక్కన పెట్టుకునే ఉంటారు. మొత్తం కుదరకపోతే ముక్క చేయండి. బండి కుదరకపోతే బస్సెక్కండి. మీతో రావాల్సిన మనిషి ఉండగానే బయలుదేరండి.