షుగర్, గుండె జబ్బు, ఆక్సిడేటివ్ స్ట్రెస్: విటమిన్ డబ్బాలతో ఉపయోగం ఉందా?

అమెరికా నుంచి ఇండియా వెళ్లే మనవాళ్ల సూట్‌కేసులో అమ్మానాన్నల కోసం ఓ విటమిన్-ఇ డబ్బా ఉండటం మామూలే. "యాంటీఆక్సిడెంట్ కదా, షుగర్‌కీ గుండెకీ మంచిది" అంటారు. ఈ మాటలో సగమే నిజం.

కణాల్లోని మైటోకాండ్రియా గ్లూకోజు నుంచి శక్తిని తయారుచేసేటప్పుడు సూపరాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపం కొద్దిగా పుడుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు అణిచే ఎంజైములు శరీరంలోనే ఉన్నాయి. పుట్టేది ఎక్కువై, అణిచేది చాలకపోతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. (ఆఫీసు టెన్షన్ అనే అర్థంలో స్ట్రెస్ కాదిది.)

రక్తనాళాల లోపలి పొరలోని కణాలు గ్లూకోజు రాకను అదుపు చేసుకోలేవు. రక్తంలో చక్కెర పెరిగితే వాటి లోపలా పెరుగుతుంది, సూపరాక్సైడ్ కూడా పెరుగుతుంది. షుగర్ వల్ల కన్ను, కిడ్నీ, నరాలు దెబ్బతినడానికి ఇదే ఉమ్మడి మూలమని మైఖేల్ బ్రౌన్లీ 2001లో నేచర్ పత్రికలో ప్రతిపాదించారు. రక్తనాళాలను వదులుగా ఉంచే నైట్రిక్ ఆక్సైడ్‌ను కూడా సూపరాక్సైడ్ హరిస్తుంది. ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ ఆక్సీకరణ చెందితే తెల్లకణాలు దాన్ని మింగి, నాళం గోడలోనే ఉండిపోయి పూడికగా మారతాయి.

మరి యాంటీఆక్సిడెంట్ మాత్ర వేస్తే సరిపోవాలి కదా? పరీక్షించి చూశారు. 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో గుండె జబ్బో, షుగర్‌తో పాటు ఇతర రిస్కులో ఉన్న 9,541 మందిలో కొందరికి రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర దాదాపు నాలుగున్నరేళ్లు ఇచ్చారు. గుండెపోట్లలో తేడా రాలేదు. ఆ తర్వాతి పరిశీలనలో విటమిన్ తీసుకున్నవారిలోనే హార్ట్ ఫెయిల్యూర్ ఎక్కువగా కనిపించింది. బ్రిటన్‌లో 20,536 మందిపై చేసిన పరీక్షలో ఇ, సి, బీటా కెరోటిన్ కలిపి ఇచ్చినా ఫలితం లేదు. అదే పరీక్షలో స్టాటిన్ మాత్ర మాత్రం గుండెపోట్లను, పక్షవాతాన్ని తగ్గించింది. సూపరాక్సైడ్ పుట్టే చోటుకు మాత్రలోని విటమిన్ తగినంతగా చేరదన్నది ఒక వివరణ.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా ఈ మాత్రలను మామూలుగా వాడమని చెప్పదు. అసలు భయం వేరే ఉంది. వార్ఫరిన్ వాడేవారు విటమిన్-ఇ ఎక్కువ మోతాదులో వేసుకుంటే రక్తస్రావం కావచ్చు. విటమిన్-సి ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని గ్లూకోజ్ మీటర్లు, సెన్సర్లు లేని షుగర్‌ను చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిన్ పెంచితే షుగర్ పడిపోతుంది. అందుకే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఇంట్లో ఏ డబ్బాలున్నాయో, ఎంత మోతాదో చదివించుకోండి. విటమిన్ ఉంది కదా అని స్టాటిన్ మానేశారేమో కూడా అడగండి.

ఉసిరికాయ, గోంగూర మానక్కర్లేదు, అవి కూరలు, మందులు కావు. ఇక్కడున్న మన సంగతికొస్తే, 2018 అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాన్నే గుండె రిస్కును పెంచే అంశంగా లెక్కించాయి. ఆసియా మూలాలవారికి బీఎంఐ 25 కాదు, 23 దాటి మరో రిస్కు ఉంటే చాలు, షుగర్ పరీక్ష చేయించుకోమంటున్నారు.